మూడో పిన్ను

పటాన్‌చెరు,
జూన్ 12.

గనీ చాచాకు నిషిత సలాం.

రికార్డులు వినే సెట్టు, అదే మన వాల్వు ప్రీయాంప్, కట్టడం పూర్తయింది. మీరు గీసిచ్చిన నక్షా ప్రకారమే కట్టాను, ఒక్క వైరు కూడా సొంత తెలివితో పెట్టలేదు. మీ ట్రంకు పెట్టెలోని రెండు వాల్వులు, మీ ట్రాన్స్‌ఫార్మరు, వాటిని బిగించడానికి ఇక్కడి తుక్కు దుకాణంలో నేను ఏరుకున్న అల్యూమినియం చాసీ. నిన్న సాయంత్రం మొదటిసారి కరెంటు ఇచ్చాను. వాల్వులు నారింజ రంగులో వెలిగాయి. పొగ రాలేదు, ఫ్యూజు పోలేదు. హమ్మయ్య అనుకునేలోపే స్పీకర్లోంచి ఒకటే మోత. రికార్డు పెడితే పాట కింద అదే, పాట ఆపితే అది ఒక్కటే. పక్క గది సంగమ్మత్త తొంగిచూసి, "గిది పాటల డబ్బనా, పిండి గిర్నీనా బిడ్డా?" అని అడిగింది. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే మీ అల్లుడితో మీరు వేసుకున్న పందెం నాకు గుర్తుంది. సెప్టెంబరు నెలాఖరులోగా మీరు చెయ్యి పెట్టకుండా, చెవి పెట్టకుండా, ఉత్తరాల మీదనే నా చేత ఈ సెట్టును మోత లేకుండా పాడించాలి. పాడిస్తే సంగారెడ్డిలో మూతపడ్డ మీ 'గనీ రేడియోస్' మీదే. లేకపోతే తాళంచెవి మీ అల్లుడు జావీద్ భాయ్‌కి, అక్కడ మొబైల్ కవర్ల దుకాణం. "చెవులు వినపడని మెకానిక్ ఏడనన్న ఉంటడా?" అని ఆయన అన్న మాట మీ అమ్మాయి కుల్సుమ్ అక్క నాకు ఫోన్లో చెప్పింది. మీకెంత మండిందో తెలీదు గానీ నాకు అంతకన్నా ఎక్కువ మండింది. ఐటీఐ పాసయ్యాక రెండేళ్లు మీ బల్ల దగ్గరే కదా నేను టంకం పెట్టడం నేర్చుకుంది. ఓడిపోతే మీ ఒక్కరి ఓటమి కాదు. ఏం చెయ్యాలో రాయండి, చేస్తాను.

మరో మాట. ట్రంకు అడుగున ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. నిండా లావుపాటి ఇత్తడి ముక్కలు, ఒక్కొక్కటి వేలి కణుపంత. అవి దేనికి?

మీ
నిషిత

జహీరాబాద్,
జూన్ 18.

బేటీ నిషితకు దువా.

"మోత వస్తోంది" అని రాస్తే నేనేం చేసుకోను? డాక్టరు దగ్గరికి పోయి "నొప్పి" అని చెప్పి ఊరుకుంటావా? ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటి మోత? నాకు చెవుల్లేవు, నీకున్నాయి. వాటిని సరిగ్గా వాడు.

నా వినికిడి ఒక్కసారిగా పోలేదు. మొదట పిట్టలు పోయాయి, తర్వాత ఆడవాళ్ల మాటలు, తర్వాత మగవాళ్లవి. అన్నిటికన్నా చివర పోయింది హమ్మే, అదే నువ్వు రాసిన మోత. అందుకని దాన్ని నేను చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాను, నువ్వు ముఖం వర్ణిస్తే చాలు. ముక్కుతో 'మ్‌మ్‌' అంటుందా, పళ్లు కొరికినట్టు 'జర్ర్' అంటుందా? రెండూ ఉంటే రెండు జబ్బులు. నువ్వు కట్టింది ప్రీయాంప్, అంటే రికార్డు ముల్లు దగ్గర పుట్టే సన్నటి శబ్దాన్ని పెంచి ఆంప్లిఫయరుకు అందించే పెట్టె. అందులో చీమంత మోత పడినా స్పీకర్లో అది ఏనుగవుతుంది.

సెట్టు ఆపి, కండెన్సర్లలో నిలిచిన కరెంటు ఖాళీ అయ్యేదాకా ఆగి, మొదటి వాల్వు తీసెయ్యి. మళ్లీ కరెంటు ఇచ్చి విను. ఏది పోయింది, ఏది మిగిలింది? వాల్వును పెన్సిలుతో తట్టు. వాల్వులను వేడిచేసే హీటరు వైర్లు రెండూ జడలా మెలిపెట్టావా, విడివిడిగా పడేశావా? ట్రాన్స్‌ఫార్మరును పావు మలుపు తిప్పి చూడు. లోపల రెండు వందల యాభై వోల్టులుంటాయి. కరెంటు ఉన్నప్పుడు, అది గుండె మీదుగా పోకుండా, ఒక చెయ్యి జేబులోనే ఉండాలి. చుడీదార్‌కు జేబు లేదని సాకు చెప్పకు, కుట్టించుకో.

జావీద్ నా ఎదుట కూర్చుని నేను రాసేది చదవాలని మెడ చాస్తున్నాడు. చదవనీ.

అబ్దుల్ గనీ

పటాన్‌చెరు,
జూలై 2.

చాచాకు సలాం.

జేబు కుట్టించుకున్నాను. రెండు మోతలూ ఉన్నాయి. పెన్సిలుతో తడితే ఒక వాల్వు స్టీలు గ్లాసులా మోగింది, దాన్ని రెండో స్థానంలోకి మార్చాను. హీటరు వైర్లు మీరన్నట్టు విడివిడిగానే పడేశాను, సిగ్గుగా ఉంది. జడ వేసి చాసీ మూలకు నొక్కాను. ట్రాన్స్‌ఫార్మరు తిప్పాను. పళ్లు కొరికేది పూర్తిగా పోయింది చాచా! జహీరాబాద్‌లో కూర్చుని సగం పని చేసేశారు మీరు. ఈ వాక్యం జావీద్ భాయ్‌కి పెద్దగా చదివి వినిపించండి.

ముక్కుతో పాడేది మాత్రం మొండిది. మొదటి వాల్వు తీసేసినా కొద్దిగా ఉంది. పైగా దానికి వేళలున్నాయి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా గట్టిగా ఉంటుంది, అంటే బోరు మోటరు నడిచి మా పన్నెండు గదుల వాళ్లం నల్లా దగ్గర బిందెలతో కొట్టుకునే వేళ. మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. పోయిన శనివారం జోరువాన పడింది, ఆ సాయంత్రం దాదాపు వినిపించనే లేదు. ఎండ కాయగానే మళ్లీ వచ్చింది. సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీలో మా లైను సూపర్‌వైజరు చంద్రకాంత్ సార్‌కి ఇది చెబితే, "వానకు తగ్గే హమ్మేందమ్మా, జెర నిద్రపో" అన్నాడు. గుండె పరీక్ష మిషన్లు తయారుచేసే చోట అందరికీ అన్నీ తెలుసు మరి. నా పని అక్కడ ప్రతి మిషను ఒంట్లోంచి కరెంటు కారుతుందో లేదో చూసి, కారితే ఎర్ర స్టిక్కరు అంటించడం. రోజుకు తొంభై మిషన్లు. ఇంటికొచ్చి ఈ ఒక్కదానితో పడలేకపోతున్నాను.

నల్లా అంటే గుర్తొచ్చింది. మా వాళ్లు దాని పిడికి ఎప్పుడూ గుడ్డ చుట్టి తిప్పుతారు. ఎందుకని అడిగితే సంగమ్మత్త, "గది గంతే బిడ్డా, మొదటి సంది గంతే" అంది. వింత మనుషులు.

ఆ బిస్కెట్ల డబ్బా సంగతి మీరు రాయలేదు.

నిషిత

జహీరాబాద్,
జూలై 11.

బేటీ,

సగం పని చేసింది నువ్వు. నేను కుర్చీలో కూర్చున్నాను. జావీద్‌కు చదివి వినిపించాను, "సగమే కద మామా" అన్నాడట. కుల్సుమ్ పలక మీద రాసి చూపించింది. మా ఇంట్లో నాతో మాట్లాడాలంటే పలకే. పోయిన వారం అతను సంగారెడ్డి వెళ్లి నా షట్టరు కొలతలు తీసుకొచ్చాడు. కొత్త బోర్డుకట. పందెం ముగియకముందే కొలతలు తీసేవాడికి సగం భయం ఉన్నట్టు లెక్క.

వానకు తగ్గే హమ్ము ఉంది. నీ చంద్రకాంత్ సార్‌కు తెలియకపోతే అది హమ్ము తప్పు కాదు. సెట్టులో ఇక వెతకకు. ఈ జబ్బు సెట్టుది కాదనిపిస్తోంది. రోజూ మోటరు ఆన్ చేసిన నిమిషం, ఆపిన నిమిషం రాసి, పక్కనే హమ్ము పెరిగిందా తగ్గిందా రాయి. పదిహేను రోజులు రాసి పంపు. తొందరపడి ఎవరో చెప్పిన అడ్డదారి పట్టుకోకు. ఇంతకన్నా ఇప్పుడు చెప్పను.

గనీ

పటాన్‌చెరు,
ఆగస్టు 9.

చాచా, చాచా, చాచా!

పోయింది! పూర్తిగా పోయింది! ఉదయం ఏడుకు, మోటరు నడుస్తుండగా, స్పీకరుకు చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. రికార్డు పెడితే పాట ఒక్కటే. సంగమ్మత్త వచ్చి కూర్చుని మూడు పాటలు విని, "గిర్నీ బందయ్యింది" అని సర్టిఫికెట్ ఇచ్చింది. చిన్న సర్దుబాటు చేశాను, అంతే. ఇంకా యాభై రోజుల గడువుండగానే గెలిచాం. ఆ కొలతలు తీసిన టేపుతో జావీద్ భాయ్ ఇప్పుడు ఏం కొలుచుకుంటాడో అడగండి.

మీ
నిషిత

జహీరాబాద్,
ఆగస్టు 14.

నిషితా,

నేను అడిగిన పదిహేను రోజుల పట్టీ లేదు. ఏం చేశావో లేదు. "చిన్న సర్దుబాటు" అని రెండే ముక్కలున్నాయి. నలభై ఏళ్లలో ఆ మాట నేను చాలామందితో అన్నాను, కాబట్టి నాతో అనకు.

నీ సెట్టు ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూడు. అందులో పిన్నులెన్ని?

గనీ

పటాన్‌చెరు,
ఆగస్టు 20.

గనీ చాచాకు,

రెండు. చాలా?

పైనుండే లావు పిన్ను, ఎర్తుది, హాక్సాతో కోసేశాను. కరెంటు సామాన్ల దుకాణంలో అడిగితే మొదటి మాటే అది. "మూడో పిన్ను కొయ్యి మేడమ్, హమ్ము జల్దీ పోతది" అన్నాడు. ఇంకో ఇద్దరు మెకానిక్కులూ అదే చెప్పారు. ఊరంతా చేసే పనే. మీరు "ఇంతకన్నా చెప్పను" అని మూతి బిగించుకుంటే, అక్కడ మీ అల్లుడు బోర్డు రాయిస్తుంటే, నేను పదిహేను రోజులు మోటరు పక్కన కూర్చుని నిమిషాలు రాయాలా?

ఇంకో మాట కూడా రాస్తాను, కోపమొస్తే రానీయండి. కోసిన పిన్ను బల్ల మీద పడింది. ఎక్కడో చూశానే అనిపించింది. మీ బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీశాను. డబ్బా నిండా అవే. అన్నీ మూడో పిన్నులే! రెండుసార్లు అడిగితే రెండుసార్లూ మీరు మాట తప్పించారు. మీరు కోస్తే పనితనం, నేను కోస్తే తప్పా? నేను మీ శిష్యురాలినే. మీరు నేర్పనిది కూడా మీ దగ్గరే నేర్చుకున్నాను, చూడండి.

పందెం మనం గెలిచాం. దాన్ని మీరే చెడగొట్టకండి.

నిషిత

జహీరాబాద్,
ఆగస్టు 27.

బేటీ నిషితకు,

నీ కోపం న్యాయమైనది. కానీ చెడగొట్టేశాను. నీ ఉత్తరం అందిన రోజే జావీద్‌ను పిలిచి, పలక నేనే తీసుకుని, "ఇంకా గెలవలేదు" అని రాసిచ్చాను.

డబ్బా గురించి రాస్తాను. ఇది నేను కుల్సుమ్‌కు కూడా చెప్పలేదు.

నాకు ఫుర్ఖాన్ అని తమ్ముడుండేవాడు. పెళ్లిళ్లలో పాడేవాడు. సెట్టు నాది, గొంతు వాడిది. ఇరవయ్యేడేళ్ల కింద జిన్నారంలో ఒక పెళ్లి. ఆంప్లిఫయరు హమ్ము అంటోంది, పెళ్లివాళ్లు విసుక్కుంటున్నారు. నేను అందరిలాగే చేశాను. మూడో పిన్ను కోసి డబ్బాలో వేశాను. అప్పటికే డబ్బా సగం నిండి ఉంది. హమ్ము పోయింది. "వాహ్ భయ్యా" అన్నాడు ఫుర్ఖాన్. ట్రాన్స్‌ఫార్మరు లోపల ఎక్కడో వైరు తెగి ఇనుప చాసీని తాకుతోందని నాకు తెలీదు. ఎర్తు ఉండి ఉంటే ఆ కరెంటు నేలలోకి పోయి ఫ్యూజు కొట్టేసేది. ఎర్తు నేను కోసేశాను. సన్నగా వాన మొదలైంది, వాడు తడికాళ్లతో వచ్చి మైకు పట్టుకున్నాడు. మళ్లీ వదల్లేదు.

అందరూ వాన అన్నారు. నేను కూడా వాన అన్నాను. అమ్మతో అన్నాను, వాడి పెళ్లాంతో అన్నాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ కొయ్యలేదు, కోసినవాటిని పారెయ్యలేదు. డబ్బా నిండింది ఎలాగంటావా? తర్వాత రిపేరుకొచ్చిన ప్రతి కోసిన ప్లగ్గుకూ కొత్త పిన్ను పెట్టి, ఊళ్లోని మెకానిక్కుల దగ్గరికి పోయి వాళ్లు కోసినవి అడిగి తెచ్చుకున్నాను. నన్ను పిచ్చివాడనుకున్నారు. నేర్పేటప్పుడు నీకు చెప్పి ఉండాల్సింది. చెబితే నువ్వు నన్ను ఉస్తాద్ అని పిలవవేమోనని భయపడ్డాను. అది నా తప్పు, నీది కాదు.

ఆ దుకాణం పోతే పోనీ. ఇంకొకరి చెయ్యి మైకుకు అతుక్కుని నా షట్టరు తెరుచుకోవడం నాకొద్దు. పిన్ను తిరిగి పెట్టు. హమ్ము మళ్లీ వస్తుంది, రానీ. అది మీ ఇంటి గురించి ఏదో చెబుతోంది. గుడ్డ చుట్టిన నల్లా సంగతి నువ్వే రాశావు కదా, ఆ ముక్క మళ్లీ చదువు.

గనీ

పటాన్‌చెరు,
సెప్టెంబరు 19.

ఉస్తాద్‌కు సలాం.

ముందుగా ఆ మాటే రాయాలని రాశాను. ఎప్పటికీ ఉస్తాదే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కొత్త ప్లగ్గు కొని మూడు పిన్నులతో బిగించాను. హమ్ము వచ్చింది. ఈసారి దాన్ని తిట్టలేదు. ఒక ఇనుప చువ్వను నల్లా పక్క తడి నేలలో దిగ్గొట్టి, దానికీ మా గది ఎర్తు వైరుకూ మధ్య మీటరు పెట్టాను. మోటరు ఆపి ఉంటే ఏమీ లేదు. ఆన్ చేస్తే ఎనభై ఐదు వోల్టులు! నల్లాకు పెట్టినా అంతే. మోటరులోంచి కరెంటు కారి, ఎర్తు వైరెక్కి పన్నెండు గదుల్లోకీ, పైపు పట్టుకుని నల్లాలోకీ వస్తోంది. మీటరు బోర్డు వెనక ఎర్తు గుంత ఉంది గానీ ఎండి రాయైపోయింది, వైరు తుప్పుపట్టి వెంట్రుకంత మిగిలింది. వాన పడితే గుంత తడిసి కొంచెం పనిచేసేది. అదీ మన వాన రహస్యం. ఫ్యాక్టరీలో తొంభై మిషన్లకు లీకేజీ చూసేదాన్ని, నా నల్లాకు గుడ్డ ఎందుకు చుట్టారో చూడలేదు.

సంగమ్మత్త, "ముట్టుకుంటె చీమ కుట్టినట్టయితుండె బిడ్డా, నల్ల గుణమే గదనుకున్నం" అంది. పదేళ్లుగా ఆ గుడ్డ మారుస్తూ వచ్చారు గానీ కారణం ఎవరూ వెతకలేదు.

ఎర్ర కాగితం కత్తిరించి మోటరుకు స్టిక్కరు అంటించాను. ఓనరు సోమయ్య సార్ వచ్చి చింపేశాడు.

"పదేండ్ల సంది గిట్లనే ఉన్నది. ఎవరన్న సచ్చిండ్రా?"

"సచ్చేదాంక ఆగాల్నా సార్?" అన్నాను.

"గా పాటల డబ్బ పెట్టినంకనే గీ లొల్లంత. రూము ఖాళీ చెయ్యి."

"చేస్త. గుంత తవ్వినంక చేస్త."

మరుసటి ఉదయం మళ్లీ స్టిక్కరు పెట్టాను. మళ్లీ చింపాడు. మూడోసారి సంగమ్మత్త పెట్టింది. నాలుగోసారి పన్నెండు గదుల వాళ్లం బిందెలు బోర్లించి మోటరు చుట్టూ నిలబడ్డాం, ఎవ్వరం నీళ్లు పట్టలేదు. "గా పిల్ల పోతె అందరం పోతం" అంది సంగమ్మత్త.

పోయిన ఆదివారం మేమే తవ్వాం. ఏడడుగుల గుంత. రోటీల హోటలు నుంచి బొగ్గు, గదికొక ఉప్పు సంచీ, మధ్యలో కొత్త పైపు, దానికి కొత్త వైరు. మోటరు విప్పించి లోపల కొత్త తీగ చుట్టించాం. బోర్డులో లీకేజీకి కొట్టేసే స్విచ్ పెట్టించాం. సోమయ్య సార్ గేటు దగ్గర నిలబడి చూశాడు, ఖాళీ చెయ్యమని మళ్లీ అనలేదు. గుంత ఎండకుండా రోజుకొక గది వాళ్లు బిందెడు నీళ్లు పొయ్యాలని వంతులు పెట్టుకున్నాం. నల్లాకు గుడ్డ తీసేశాం.

హమ్ము సంగతి రాయను. వచ్చి మీరే తీర్పు చెప్పండి. ఇరవయ్యెనిమిది ఆదివారం, ఉదయం ఏడు గంటలకు, మోటరు నడిచే వేళకు జావీద్ భాయ్‌ని తీసుకురండి. పందెం ఆయనది కాబట్టి చెవులూ ఆయనవే కావాలి.

ఆ డబ్బాను గుంతలో బొగ్గుతో పాటు పూడ్చేద్దామా అనుకున్నాను. మిమ్మల్ని అడక్కుండా చెయ్యలేదు.

మీ శిష్యురాలు
నిషిత

సంగారెడ్డి,
అక్టోబరు 5.

బేటీ నిషితకు గనీ దువా.

పైన ఊరి పేరు చూశావు కదా. ఇది మన బల్ల మీద రాస్తున్నాను. దుమ్ము తుడవడానికి ఒక రోజు పట్టింది.

ఆ ఆదివారం నువ్వు సెట్టును చూస్తున్నావు, నేను జావీద్ ముఖాన్ని చూస్తున్నాను. అందుకని నీకు తెలియనిది రాస్తాను. వాల్వులు వెలిగాయి. బయట మోటరు అదురు నా పాదాలకు తెలుస్తోంది. అతను వంగి స్పీకరుకు చెవి ఆనించాడు. ఈ చెవి, తర్వాత ఆ చెవి. తర్వాత నీవైపు తిరిగి ఏదో అడిగాడు, నువ్వు నవ్వావు. బస్సులో అదేంటని పలక మీద అడిగితే, "ఆన్ చేసినవా అని అడిగిన" అని రాశాడు. నాలుగేళ్లుగా మీ అందరికీ వినిపించేది ఒకటి, నాకు వినిపించేది ఒకటి. ఆ గదిలో ఆ నిమిషం అందరం ఒకటే విన్నాం. తర్వాత నువ్వు ముల్లు పెట్టావు. నేను స్పీకరు మీద అరచెయ్యి పెట్టాను, పాట వచ్చింది.

అయినా అల్లుడు అల్లుడే. దారిలో, "తప్పు ఇంట్ల దొరికింది, సెట్ల కాదు. పందెం చెల్లదు మామా" అని రాశాడు. పలక తుడిచి నేను రాశాను: "సెట్టులోంచి ఇంటి తప్పు వినడమే మెకానిక్ పని. నీకు చెవులున్నాయి, నువ్వు విన్నావా?" అతను చాక్‌పీసు జేబులో వేసుకున్నాడు. సంగారెడ్డిలో బస్సు దిగాక నేరుగా వచ్చి షట్టరు అతనే ఎత్తాడు.

ఆ సాయంత్రం కుల్సుమ్‌కు ఫుర్ఖాన్ సంగతి చెప్పాను. నోటితోనే చెప్పాను, నా గొంతు నాకు వినపడదు కాబట్టి వణికిందో లేదో తెలీదు. అది పలక మీద, "చిన్నమ్మకు కూడా చెప్పాలి" అని రాసింది. ఫుర్ఖాన్ భార్య దగ్గరికి శుక్రవారం వెళ్తున్నాం. ఆమె ఏమన్నా పడతాను.

డబ్బా గుంతలో పూడ్చకు. ఇరవయ్యేడేళ్లు నేను దాచింది చాలు. వచ్చేటప్పుడు తీసుకురా, నువ్వు కోసింది కూడా అందులో వేసి. కౌంటరు మీద, అందరికీ కనబడేలా, మూత తీసి పెడతాను. సెట్టు తెచ్చి "ఇదేంది సాబ్?" అని అడిగిన ప్రతివాడికీ చెబుతాను.

గనీ
గనీ రేడియోస్